‘నూనె నరకం’ బొమ్మలాటలో యోహే ఆ ఇల్లాలిని ఎందుకు చంపాడు?

మీ ప్రశ్న ఇదీ: ఒసాకా వెళ్ళినప్పుడు ‘ఒన్నాగొరొషి అబురా నో జిగోకు’ (స్త్రీహంతకుడు, నూనె నరకం) అనే బున్రాకు బొమ్మలాట చూశారు. నూనె కొట్టు ఇల్లాలు ఒకిచి, సాటి వ్యాపారి ఇంటి కుర్రాడు యోహేకి మొదటినుంచీ మేలే చేసింది. అలాంటి మనిషిని వాడు నూనెలో జారుతూ, పడుతూ, లేస్తూ పొడిచి చంపి డబ్బు పట్టుకుని పారిపోయాడు. ఆట అక్కడితో అయిపోయింది. “వాడికి పిచ్చా? ఇద్దరి మధ్యా ఏమైనా ఉందా? డబ్బు కోసమే అయితే దానికి ముందు తల్లిదండ్రుల ఏడుపు అంతసేపు ఎందుకు?” అని అడిగారు.

సూటిగా చెప్తాను. పిచ్చి లేదు, సంబంధమూ లేదు. తెల్లారేలోపు తీర్చాల్సిన అప్పు ఒకటి ఉంది. అది తన తండ్రి మెడకు చుట్టుకోకూడదు అనే ఒక్క ఆలోచన తప్ప ఆ రాత్రి వాడికి ఇంకేదీ తోచలేదు. మీకు సాగదీసినట్టు అనిపించిన ఆ తల్లిదండ్రుల ఏడుపే ఈ హత్యకు కారణం. ఇది నా ఊహ కాదు. నాటకం చివర యోహే తన నోటితోనే ఈ మాట చెప్తాడు. కానీ ఆ చివరి ఘట్టాన్ని ప్రదర్శనల్లో చాలాసార్లు తీసేస్తారు. హత్య అయ్యాక యోహే పారిపోవడంతో ఆపేస్తారు. మీరు చూసింది అలాంటి ప్రదర్శనే. అందుకే మీకు జవాబు దొరకలేదు.

నేను 16 ఏళ్ళుగా ఒసాకాలో ఉంటున్నాను. అనువాదం నా వృత్తి. ఈ నాటకాన్ని ఐదుసార్లు చూశాను, మూలాన్ని రెండుసార్లు మొదటినుంచి చివరిదాకా చదివాను. ఇక్కడికి వచ్చే మనవాళ్ళకు బున్రాకు చూసే ముందు కథ చెప్పడం అలవాటైపోయింది. వాళ్ళలో చాలామంది అడిగేదీ ఇదే ప్రశ్న.

ముందు కుటుంబం సంగతి చూద్దాం. ఇది అర్థం కాకపోతే మిగతాది అర్థం కాదు. కవాచియా అనే నూనె కొట్టు యజమాని చనిపోయాడు. అప్పటికి పెద్దకొడుకు తాహేకి ఏడేళ్ళు, చిన్నవాడు యోహేకి నాలుగేళ్ళు. కొట్టు నిలబడాలంటే ఒక మగదిక్కు కావాలి. యజమాని భార్య ఒసావా అన్నగారు మొరియెమొన్ నచ్చజెప్పి, ఆ కొట్లోనే గుమాస్తాగా పనిచేస్తున్న తొకుబేకి ఆమెను ఇచ్చి పెళ్ళి చేశాడు. అంటే నిన్నటిదాకా “తొకుబే, ఇది చెయ్యి, అది తే” అని పిల్లలు పురమాయించిన మనిషి ఒక్కరోజులో వాళ్ళకు తండ్రయ్యాడు.

తండ్రయ్యాడు గానీ గుమాస్తాతనం ఒంట్లోంచి పోలేదు. వీళ్ళు నా యజమాని బిడ్డలు, నేను చెయ్యి చేసుకోకూడదు అన్న బెరుకు ఆయనకు చివరిదాకా ఉంటుంది. యోహే దాన్ని చిన్నప్పుడే పసిగట్టాడు. ఇప్పుడు వాడికి 23 ఏళ్ళు. పని చెయ్యడు, కొట్టు డబ్బు వేశ్యావాడల్లో తగలేస్తాడు. రెండో అంకంలో సవతి తండ్రిని కాలితో తంతాడు, జబ్బుతో మంచం పట్టిన చెల్లెలు ఒకాచినీ తంతాడు. అప్పుడే మందు పట్టుకుని ఇంటికొచ్చిన తల్లి అది చూసి, కావడిబద్ద తీసుకుని కన్నకొడుకుని బాది బయటికి గెంటేస్తుంది. దెబ్బలు తిన్న తొకుబే ఏం చేస్తాడో చూడండి. వీధిలో వెళ్ళిపోతున్న యోహే వీపు వైపు చూసి, నడక, ఒళ్ళు, అచ్చం చనిపోయిన యజమానే అని ఏడుస్తాడు. కొడుకుని గెంటేసినట్టు లేదు, యజమానిని గెంటేసినట్టుంది అని కుమిలిపోతాడు. నాకు ఈ నాటకం మొత్తంలో ఇంత బాధపెట్టే మాట ఇంకోటి లేదు.

ఇప్పుడు అప్పు సంగతి. యోహే ఒక వడ్డీ వ్యాపారి దగ్గర 200 మొన్మెల వెండి తీసుకున్నాడు. ఒక మొన్మె అంటే దాదాపు 3.75 గ్రాములు. అంటే తీసుకున్నది ముప్పావు కిలో వెండి. ప్రోనోటులో మాత్రం ఒక ‘కన్’ అని, అంటే 1000 మొన్మెలు అని రాయించుకున్నారు. చెప్పిన రాత్రి దాటకుండా కడితే 200 చాలు. తెల్లారిందా, నోటు మీదున్న 1000 మొత్తం కట్టాలి. ఇచ్చిందొకటి, నోటు మీద రాసిందొకటి. ఈ పద్ధతి మన ఊళ్ళలో వడ్డీలకు తెచ్చుకున్నవాళ్ళకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు. అసలు చిక్కు ఏమిటంటే, ఆ నోటు మీదున్న ముద్ర తొకుబేది. యోహే దొంగతనంగా వేశాడు. తెల్లారితే వ్యాపారి వచ్చి పట్టుకునేది యోహేని కాదు, తొకుబేని.

గడువు పాత జపాన్ పంచాంగం లెక్కలో మే 4 రాత్రి. ఆ తేదీ ఊరికే పెట్టింది కాదు. మర్నాడు మే 5 మగపిల్లల పండగ. ఆ కాలంలో ఒసాకా వ్యాపారులు అరువు ఖాతాలను పండగలకు తేల్చుకునేవారు. పండగ ముందురాత్రి ఊరంతా బాకీల వసూలే. అందుకే ఒకిచి భర్త షిచిజాయెమొన్ ఇంట్లో ఉండడు, వసూళ్ళకు తిరుగుతుంటాడు. అందుకే ఇంట్లో డబ్బూ ఉంటుంది. అందుకే యోహే మెడ మీద కత్తీ వేలాడుతుంటుంది. నాటకకారుడు చికమత్సు మొంజాయెమొన్ ఎంత గట్టి లెక్కల మనిషో ఈ ఒక్క తేదీ చూస్తే తెలుస్తుంది.

ఆ రాత్రికి ఇంకో పేరు కూడా ఉంది. మూడో అంకం మొదలయ్యేదే ఆ మాటతో. పెళ్ళయ్యాక ఉండేది మొగుడి ఇల్లు, పుట్టింది అమ్మానాన్నల ఇల్లు, ఆడదానికి తనదనే ఇల్లు లేదు, కానీ ఈ పండగ ఒక్క రాత్రిని మాత్రం ‘ఆడవాళ్ళ ఇల్లు’ అంటారు అని కథకుడు పాడతాడు. మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. ఆ ఒక్క రాత్రే ఒకిచి తన ఇంట్లో, తన ముగ్గురు ఆడపిల్లలు నిద్రపోతుండగా చచ్చిపోతుంది. ఆమెకు 27 ఏళ్ళు.

ఆ రాత్రి ఆ ఇంటికి ముందుగా వచ్చేది తొకుబే. గెంటేసిన కొడుకు ఎలాగూ నీ దగ్గరికే వస్తాడు, నేనిచ్చానని చెప్పకుండా ఇది వాడికివ్వమ్మా అని 300 రాగి కాసులు ఒకిచి చేతిలో పెడతాడు. ఇంతలో భార్య గొంతు వినపడితే చాటుకు పోతాడు. ఒసావా వచ్చీరాగానే ఆయన్ని పట్టేసి, నీ మెతకతనమే వాడిని చెడగొట్టింది అని కడిగేస్తుంది. ఇద్దరూ బయల్దేరబోతుండగా ఆమె కిమోనో మడతలోంచి ఏదో జారి కింద పడుతుంది. ఒక చిమాకి కట్ట, 500 కాసులు.

చిమాకి అంటే పిండిముద్దని వెదురు జాతి ఆకుల్లో పొడుగ్గా చుట్టి ఉడికించిన పండగ పిండివంట. ఆ పండగకు మగపిల్లలకు పెడతారు. కావడిబద్దతో కొట్టి తరిమేసిన తల్లి, పండగపూట కొడుకు నోరు చప్పగా ఉంటుందని కొట్టు డబ్బులోంచి మొగుడికి తెలియకుండా తీసి, పిండివంటతో కలిపి పట్టుకొచ్చింది. ఇద్దరూ ఒకే పని మీద, ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చారన్నమాట.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు నాతో ఈ ఆటకి తీసుకెళ్ళాను. జపనీస్ ఒక్క ముక్క రాదు. అక్కడిదాకా నిశ్శబ్దంగా చూసింది. ఆ ఆకుచుట్ట పడగానే నా చెయ్యి పట్టుకుని, “అది కొడుక్కే కదే?” అంది. మాది కోనసీమ. పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు వేసే చేతులు ఆవిడవి. ఆకులో చుట్టిన తినుబండారం ఎవరి కోసం పట్టుకెళ్తారో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. హత్య సీనులో అమ్మ కళ్ళు మూసుకుంది గానీ ఏడవలేదు. ఏడ్చింది ఇక్కడే.

ఇదంతా యోహే వాకిట చాటున నుంచుని, దోమలు కుడుతుంటే విన్నాడు. వాళ్ళు వెళ్ళాక లోపలికి వచ్చాడు. ఒకిచి ఆ కాసులూ చిమాకీ వాడికి అందిస్తుంది. వాడు, నేను అంతా విన్నాను, ఏడ్చాను అంటాడు.

ఇక్కడ లెక్క చూసుకోండి. 300, 500 కలిపితే 800 కాసులు. అప్పటి ప్రభుత్వ మారకం ప్రకారం 60 మొన్మెల వెండికి 4000 కాసులు. అంటే అమ్మానాన్న దొంగచాటుగా కూడబెట్టి తెచ్చింది దాదాపు 12 మొన్మెలు. వాడికి కావాల్సింది 200. ప్రేమ అంతా కలిపినా అప్పులో పదహారో వంతుకి కూడా సరిపోలేదు.

తర్వాత యోహే చెప్పే మాటలే మీ ప్రశ్నకు సగం జవాబు. ఆత్మహత్య చేసుకుందామని ఈ కత్తి బట్టల్లో దోపుకుని బయల్దేరాను, కానీ ఇప్పుడు అమ్మానాన్నల ఏడుపు విన్నాక, నేను చచ్చి ఈ అప్పు నాన్న నెత్తిన పెడితే ఇంతకన్నా పాపం ఉండదు అనిపించింది, 200 అప్పివ్వు అంటాడు. ఒకిచి అబద్ధం ఆడదు. బీరువాలో 500కు పైనే ఉంది, కానీ ఇంటాయన లేనప్పుడు ఒక్క కాసు కూడా ఇవ్వలేను అంటుంది. దానికి కారణమూ ఉంది. మొదటి అంకంలో నొజాకి గుడికి పోయే దారిలో యోహే వేశ్య కోసం కొట్లాడి బురద చల్లుకుంటాడు. ఆ బురద గుర్రం మీద పోతున్న ఒక సమురాయ్ మీద పడుతుంది. భయంతో వణుకుతున్న వాడిని ఒకిచి టీ కొట్టు లోపలికి తీసుకెళ్ళి బట్టలు తుడుస్తుంది. అది విని భర్త అనుమానపడ్డాడు. మళ్ళీ ఆ మాట పడటం ఆమెకు ఇష్టం లేదు.

అప్పుడు యోహే అనే ఒక మాట మీలాంటి సందేహం చాలామందికి పుట్టించింది. “అయితే తప్పు చేసినదానివే అయ్యి నాకు అప్పివ్వు” అంటాడు. ఎలాగూ మొగుడు అనుమానిస్తున్నాడు, నిజంగానే నాతో పోయినదానివే అనుకుని ఇవ్వు అని. దీన్ని పట్టుకుని వాళ్ళ మధ్య ఏదో ఉందని చెప్పేవాళ్ళు, అలా నటించే కబుకి (బొమ్మలు కాకుండా మనుషులే ఆడే జపాన్ నాటకం) నటులూ ఉన్నారు. మూలంలో ఒకిచి వైపు నుంచి అలాంటిది ఒక్క ముక్క కూడా లేదు. యోహే వైపు నుంచి కూడా నాకు కోరిక కనపడదు. గడువు దగ్గరపడినవాడు ఏ గడ్డిపోచ దొరికితే అది పట్టుకుంటాడు. ఆ మాట అలాంటిది. నా అభిప్రాయంలో నటుడు ఆ మాటను మోహంతో పలికితే నాటకం అక్కడే దెబ్బతింటుంది.

ఆమె కాదంటుంది. సరే, ఈ పీపాలో రెండు షో (జపాన్ కొలత) నూనె అరువివ్వు అంటాడు. ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్ళ మధ్య ఇది మామూలే కాబట్టి ఆమె వెనక్కి తిరిగి నూనె కొలుస్తుంది. ఆ నూనెలో కత్తి మెరుపు కనపడుతుంది. ఉలిక్కిపడి, ఏమిటది అంటుంది. ఏమీ లేదు అంటాడు. తర్వాత జరిగింది మీరు చూశారు.

ఆమె, నేను చస్తే ముగ్గురు పిల్లలు వీధిన పడతారు, డబ్బంతా తీసుకో, చంపకు అని బతిమాలుతుంది. దానికి వాడిచ్చిన జవాబు: నీకు నీ కూతుళ్ళంటే ఎంత ప్రాణమో, నన్ను ప్రాణంగా చూసుకునే మా నాన్నంటే నాకూ అంతే, డబ్బు కట్టి మగాడిగా నిలబడాలి, ఇక ఆశ వదులుకుని చచ్చిపో. ఆ వెంటనే, పైకి అంటే జనానికి వినపడుతుంది, బుద్ధుడి నామం మనసులోనే అనుకుంటా అంటాడు. తండ్రి మీద ప్రేమ, పరువు, భక్తి, ఈ మూడు మాటలూ కత్తి పట్టుకున్నవాడి నోట్లోనే ఉన్నాయి.

ఇక మీరు చూడని ఘట్టం. హత్య జరిగాక యోహే కత్తిని వంతెన మీదనుంచి నీళ్ళలో పారేస్తాడు. ఎత్తుకుపోయిన 580 మొన్మెలతో మళ్ళీ వేశ్యావాడల్లో తిరుగుతాడు. 35వ రోజు కర్మకు ముందురాత్రి ఒకిచి ఇంట్లో అందరూ కూర్చుని ఉంటే, దూలం మీద ఎలుక పరిగెత్తి ఒక కాగితం కింద పడేస్తుంది. దాని మీద రక్తం మరక, యోహే చేతిరాత. సరిగ్గా అప్పుడే పలకరింపుకని వాడే వస్తాడు. వాడి బట్ట మీద సాకే సారా పోస్తే ఎండిన రక్తం బయటపడుతుంది. అప్పుడు వాడు తల దించుకుని చెప్పే మాటలు నా తెలుగులో ఇలా ఉంటాయి:

“పుట్టినప్పటినుంచీ తల్లిదండ్రులకు కానివాణ్ణే, తిరుగుబోతునే. అయినా ఒక కాగితం ముక్క, అర కాసు కూడా ఎప్పుడూ దొంగిలించలేదు. వేశ్యావాడల బాకీలు ఆర్నెల్లు, ఏడాది ఆలస్యమైనా నాకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. కానీ ఆ నోటు ఒక్క రాత్రి దాటితే మా నాన్నకు కష్టం. ఆ పాపం మీదే కళ్ళు పడ్డాయి. మనిషిని చంపితే ఇంకొకరికి ఏడుపు, ఇంకొకరికి కష్టం అన్న సంగతి మీద అసలు కళ్ళే పడలేదు.”

ఇదే మీ ప్రశ్నకు జవాబు. 23 ఏళ్ళలో వాడికి మొదటిసారి కలిగిన మంచి ఆలోచన, నాన్నకు కష్టం రాకూడదన్నది. ఆ ఒక్కటి తప్ప ఇంకేదీ కనపడని చూపుతో ఆ ఇంట్లోకి అడుగుపెట్టాడు. ఎదురుగా ముగ్గురు పిల్లల తల్లి ఉంది, కనపడలేదు. అందుకని వాడిని క్షమించమని నేను అనడం లేదు. ఆ డబ్బుతోనే మళ్ళీ వేశ్యల దగ్గరికి పోయాడన్నది మర్చిపోకూడదు. కన్నీళ్ళు నిజమే అయి ఉండొచ్చు, మనిషి మారలేదు.

మరి ఆ చివరి ఘట్టం ఎందుకు తీసేస్తారు? హత్య సీను అంత బలంగా ఉంటుంది కాబట్టి. దాని తర్వాత ఎలుక, కాగితం, పట్టుబడటం కాస్త చప్పగా అనిపిస్తాయని నిర్వాహకుల అభిప్రాయం. అది నాకు అర్థమవుతుంది, కానీ ఒప్పుకోలేను. ఆ మాటలు లేకపోతే యోహే కేవలం రాక్షసుడిగా మిగిలిపోతాడు. రాక్షసుడైతే మనకు భయం లేదు, మన ఇంట్లో పుట్టడు కాబట్టి.

ఈ నాటకానికి చాలాకాలం ఆదరణ కూడా దక్కలేదు. 1721లో ఒసాకాలోని తకెమొతొ-జా బొమ్మలాటశాలలో మొదటిసారి ఆడారు. చికమత్సు అప్పటికి 68 ఏళ్ళ పెద్దాయన. ‘సొనెజాకి షింజు’ (1703) లాంటి ప్రేమికుల ఆత్మహత్య నాటకాలతో జనాన్ని ఏడిపించిన మనిషి. అలాంటి కథల్లో చచ్చిపోయే జంట మీద జాలి పుడుతుంది. ఇందులో జాలిపడి ఇంటికెళ్ళడానికి ఎవరూ లేరు. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ళు ఎవరూ ముట్టుకోలేదు. మెయిజీ కాలంలో (1868–1912) విమర్శకుడు త్సుబొఉచి షోయో లాంటివాళ్ళు దీని విలువ గుర్తించాక, 1909లో కబుకిలో మళ్ళీ ఆడితే పెద్ద పేరొచ్చింది. బొమ్మలాటగా తిరిగి రంగం మీదికి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే.

బొమ్మల గురించి ఒక్క మాట. మీరు చూసినట్టు ఇప్పుడు ఒక్కో బొమ్మని ముగ్గురు ఆడిస్తారు. ఒకరు తల, కుడిచెయ్యి. ఇంకొకరు ఎడమచెయ్యి. మూడో మనిషి కాళ్ళు. ఈ పద్ధతి 1734 ప్రాంతంలో వచ్చింది. అంటే చికమత్సు రాసేనాటికి ఒక బొమ్మకి ఒక్కరే. మీరు చూసిన ఆ జారుడు, బొమ్మ రంగం ఈ చివరనుంచి ఆ చివరకి సర్రున కొట్టుకుపోవడం, తర్వాతివాళ్ళు కట్టుకున్నది. రంగం మీద చుక్క నూనె ఉండదు. ముగ్గురు మనుషులు ఒకేసారి, ఒకే ఊపుతో పరిగెత్తి ఒక్కసారిగా ఆగితేనే కాలు జారినట్టు కనపడుతుంది. ఆడబొమ్మలకు మామూలుగా కాళ్ళే ఉండవు. కాళ్ళ మనిషి కిమోనో అంచు లోపల పిడికిళ్ళు పెట్టి నడక చూపిస్తాడు. ఒకిచి పడి, లేవబోయి, మళ్ళీ పడటం అంతా ఆ పిడికిళ్ళే.

కబుకిలో మనుషులు జారుడు ద్రవం పోసుకుని మరీ ఆడతారు. అది చూడటానికి ఇంకా గగుర్పాటుగా ఉంటుంది. కానీ నాకు బొమ్మే ఎక్కువ. నటుడు జారితే దెబ్బ తగిలిందేమో అని ఒక క్షణం నటుడి మీదికి పోతుంది మనసు. బొమ్మ జారితే ఒకిచి తప్ప ఇంకెవరూ గుర్తురారు.

మళ్ళీ వెళ్తే, ముందు కరపత్రంలో ఘట్టాల జాబితా చూడండి. ‘తెషిమాయా అబురామిసె’ (ఒకిచి వాళ్ళ తెషిమాయా నూనె కొట్టు) దగ్గర ఆగిపోతే చివరిది లేదని అర్థం. ‘తెషిమాయా తైయా’ (కర్మకు ముందురాత్రి) అని ఉంటే తప్పకుండా టికెట్ తీసుకోండి. ఒసాకా జాతీయ బున్రాకు థియేటర్‌లో రంగం పైన పాట పదాలు జపనీస్‌లో పడతాయి. అవి చదవలేకపోతే డొనాల్డ్ కీన్ 1961లో తెచ్చిన చికమత్సు నాటకాల ఇంగ్లీషు అనువాదంలో ఈ నాటకం చివరిదాకా ఉంది, ముందురోజు రాత్రి చదువుకుని వెళ్ళండి. సీటు కుడివైపు తీసుకోండి, పాడే తాయు, షమిసెన్ (మూడు తీగల వాద్యం) వాయించే ఆయన అటే కూర్చుంటారు. తొకుబే, ఒసావా, ఒకిచి, యోహే, ముగ్గురు పిల్లలు, అందరి గొంతులూ ఆ ఒక్క తాయు గొంతే. చిమాకి జారి పడ్డాక ఒసావా ఏడ్చేటప్పుడు ఆయన మొహం చూడండి. అదే గొంతుతో కాసేపట్లో “చచ్చిపో” అనాలి.